దారిద్ర్యమును దౌర్జన్యమును



నేను భాగ్యనగరమునందలి ముషీరాబాదులో నివసించు విశ్రాంతోపాధ్యాయుడను. ప్రతిదినమును వేకువజామున నడచుట నాకు చిరకాలపు అలవాటు. ఒకనాడు చిక్కడపల్లి దిక్కునకును, ఒకనాడు గాంధీ వైద్యశాల దిక్కునకును పోవుదును. ఆ వైద్యశాల వాకిట పల్లెలనుండి వచ్చిన జనులు చాపలు పఱచుకొని, సద్దిమూటలు విప్పుకొని, లోపలనున్న తమవారి కొఱకు కాచుకొని కూర్చుండియుందురు. వారిలో నెవరికిని తెలియని సంగతి యొకటి కలదు. వారు కూర్చున్న ఆ నేల పూర్వము చెఱసాల. ఆ చెఱసాల తీసివేసిన స్థలమునకే 2003లో వైద్యశాల తరలివచ్చినది.

ఆ చెఱసాలలో 1975 డిసెంబరు 1వ తేదీన భూమయ్య, కిష్టాగౌడు అను నిద్దఱు ఆదిలాబాదు జిల్లా కర్షకులను ఉరితీసిరి. వారు నక్సలైటు ఉద్యమమునకు చెందినవారు. భూస్వామిని హత్య చేసిరని వారిపై నేరము స్థాపింపబడినది. దేశమున అత్యవసర పరిస్థితి నడచుచున్న దినములవి. నేనప్పటికి బడిపిల్లవాడను. మా తండ్రిగారు పండితులు. రాజకీయముల జోలికి పోవువారు కారు. ఆ వార్త విన్న దినమున వారు చాలసేపు మౌనముగా నుండి, "చచ్చినవాడును పోయినాడు, చంపినవారును పోయిరి. చంపించినదేదియో అది మాత్రము ఊరిలోనే యున్నది" అనిరి. ఆ మాట నాకప్పుడు బోధపడలేదు. ఈ ప్రసంగము ఆ మాటకు నేను ఇన్నేండ్లకు వ్రాసుకొన్న వ్యాఖ్యానమని మీరు భావింపవచ్చును.

చంపించునది దారిద్ర్యమా? లోకులలో చాలమంది అట్లే తలతురు. "ఆకలిగొన్నవాడు ఏ పాపమునకైనను వెనుదీయడు" అని పెద్దలును చెప్పుచుందురు. ఈ మాటలో ఎంత నిజము కలదో, ఎంత పొరపాటు కలదో నేడు మనము నెమ్మదిగా విచారింతము.

ఈ విచారము నిన్న మొన్నటిది కాదు. పాలీభాషలోని దీఘనికాయమున బుద్ధభగవానుడు చెప్పిన కథ యొకటి కలదు. పూర్వమొక రాజు ధర్మముగానే రక్షణ యేర్పాటులు చేసెనట. కాని పేదలకు ధనమీయలేదట. దానివలన దారిద్ర్యము పెరిగెను. దారిద్ర్యమువలన దొంగతనము, దొంగతనమువలన ఆయుధములు, ఆయుధములవలన హత్యలు పెరిగెను. చివరకు మనుష్యుల ఆయువే తగ్గిపోయెనట. అదే నికాయమున మఱియొక కథలో, దొంగలతో పీడింపబడు రాజ్యమును గూర్చి పురోహితుడొకడు రాజునకు హితము చెప్పును. దొంగలను చంపించినను, చెఱపట్టించినను మిగిలినవారు మరల పీడింపకమానరు. సేద్యము చేయువారికి విత్తనములును, వర్తకులకు పెట్టుబడియును, కొలువు చేయువారికి జీతమును ఇచ్చినయెడల ఎవరి పనిలో వారు మునిగియుందురు. ప్రజలు తలుపులు తెఱచుకొని నిద్రింతురు, అని యా సలహా. సుమారు రెండువేల యేండ్లకు పూర్వమైనను పోలీసు శాఖాధికారులు నేడును చదువదగిన సలహా యది.

ఇక మన భారతమునందు శాంతిపర్వమున విశ్వామిత్రుని కథ మీరెఱుగుదురు. పండ్రెండేండ్ల కఱవులో ఆ మహర్షి ఆకలికి తాళలేక, చండాలుని యింట నున్న కుక్కమాంసమును రాత్రివేళ దొంగిలింపబోయెను. ఇంటివాడు మేల్కొని, "మహర్షీ, నీవంతటివాడవు ఇది చేయదగునా?" యని ధర్మము బోధించెను. ఈ కథలో నాకు తోచు విశేషములు రెండు. ఆకలి ఋషినైనను దొంగను చేయగలదనుట మొదటిది. ఆ ఋషి చేయి చాచెను గాని ఇంటివానిపై చేయి యెత్తలేదనుట రెండవది. ఆకలి దొంగతనమునకు తీసికొనిపోవును. హత్యకు తీసికొనిపోవుటకు మఱియొకటి తోడు కావలెను. ఆ మఱియొకటి యేదియో కనుగొనుటయే మన పని.

పురాణమును ప్రక్కకుంచి లెక్కలు చూతము. కేంద్ర ప్రభుత్వపు నేరగణాంక సంస్థ వారు ప్రతి సంవత్సరమును దేశమందలి నేరముల పట్టిక ప్రకటింతురు. 2022లో మన దేశమున నమోదైన హత్య కేసులు 28,522. వానిలో ధనాపేక్షతో, అనగా దోచుకొనుటకును లాభము పొందుటకును జరిగిన హత్యలు 1,884 మాత్రమే, పదునైదింట నొకటి. వివాదములవలన జరిగినవి 9,962, మూడవవంతునకు మించినవి. పగవలనను, వైరమువలనను జరిగినవి 3,761. చూచితిరా? కత్తి పట్టించినది చాలచోట్ల ఆకలి కాదు. తగవు పట్టించినది, తీఱని తగవు, తీర్చువారు లేని తగవు. గట్టు తగవు, నీటి తగవు, అప్పు తగవు, మాట తగవు. ఇవన్నియు మన ఊళ్లలో పుట్టునవియే.

కఱవుల చరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. 1832–33లో గుంటూరు సీమను పీడించిన నందన కఱవున ప్రజలు లక్షలకు లక్షలు ఊళ్లు విడిచిపోయిరి. బాటల ప్రక్కన పడి చచ్చిరి. 1876–78 కఱవున ధాన్యము కొఱకు దోపిడులు హెచ్చినవి. 1918లో ధరలు మండిపోయినప్పుడు మద్రాసు రాజధానిలో పలుచోట్ల జనులు అంగళ్లపై బడిరి. కాని వారు కోరినది ధాన్యము. తగిన ధరకు ధాన్యము. కూడులేక నేలకొఱగిన వారి సంఖ్యతో పోల్చినచో, కూటికొఱకు ఇంకొకని చంపినవారు అత్యల్పులు. పేదవాని ఓర్పునకు ఇంతకంటె సాక్ష్యము వలదు. పేదవాడు సహజముగా క్రూరుడనుట చరిత్రకు విరుద్ధము.

మఱి కత్తికి పదును పెట్టునదేది? అందఱును గంజి త్రాగు ఊరిలో గంజి త్రాగుట అవమానము కాదు. ఒకయింట పాలు పొంగుచుండగా ప్రక్కయింట బిడ్డ గంజికి ఏడ్చుచున్నచోట, ఆ బిడ్డ తండ్రి పాలు గల యింటి ముంగిట చెప్పులు చేతపట్టుకొని నడువవలసిన చోట, లోపల నొక నిప్పు రగులును. లేమి కడుపును కాల్చును. హెచ్చుతగ్గులు మనస్సును కాల్చును. లోకవృత్తాంతమును చూచినను ఇదియే తేటపడును. దక్షిణాఫ్రికా మనకంటె ధనికదేశము. అయినను ఇటీవలి సంవత్సరములలో అచట ఏటేట లక్షమందికి నలుబదిమందికి పైగా హత్యకు గురియగుచున్నారు. మన దేశమున ఆ సంఖ్య లక్షకు ముగ్గురికి మించదు. ఆదాయములలో ప్రపంచమునందే మిక్కిలి హెచ్చుతగ్గులు గల దేశములలో దక్షిణాఫ్రికా మొదటిది. జాతిభేద పరిపాలన 1994లో ముగిసినను, భూమియు ధనమును చీలియున్న తీరు ముగియలేదు. వ్యత్యాసమొక్కటియే కారణమని నేను చెప్పను. ఆయుధములు, మద్యము, చెదరిన కుటుంబములు, శిక్షపడునను భయము లేకపోవుట, ఇవియు కలసివచ్చును. కాని దరిద్రదేశమగుటకును హింసాదేశమగుటకును నేరుగా లంకె లేదనుట మాత్రము స్పష్టము.

ఈ సత్యమునకు మన తెలంగాణమే పెద్ద నిదర్శనము. నిజాము రాజ్యమున దేశముఖుల గడీల క్రింద వెట్టిచాకిరి యెట్లుండెనో మీలో పెద్దవారు తమ తండ్రులవలన వినియుందురు. విసునూరు దేశముఖునకు నలుబదివేల యెకరముల భూమి యుండెనని చెప్పుదురు. ఆ గడీకి కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, మాదిగ చెప్పులు, గొల్ల గొఱ్ఱెలు ఊరకయే పోవలెను. ప్రజలు తరతరములు ఓర్చుకొనిరి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చెమటతో పండించిన పంటను గడీవారికి దక్కనీయక నిలిచినది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోవుచున్న జనులపై దేశముఖుని మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొఱగెను. పిమ్మట 1951 వఱకు సాగిన సాయుధ పోరాటమున ఇరుప్రక్కలను వేలాది ప్రాణములు పోయినవి.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. ఆ జనులు 1946లో క్రొత్తగా పేదలైనవారు కారు. పేదఱికము వారి తాతలనాటిది. వెట్టి వద్దని విన్నవించుకొనిరి, సంఘములు పెట్టుకొనిరి, అర్జీలు వ్రాసికొనిరి. విన్నపమునకు తుపాకి బదులు చెప్పిన దినమున కఱ్ఱలు లేచినవి. న్యాయము కోరి తట్టిన తలుపు తెఱువబడనప్పుడే చేతులు ఆయుధమును వెదకును.

ఆ తలుపు తెఱచినచో నేమగునో కూడ ఈ తెలంగాణమే చూపినది. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చిరి. అచటి నలుబది హరిజన కుటుంబములవారు తమకు ఎనుబది యెకరముల భూమి కావలెనని కోరిరి. "ప్రభుత్వము ఈయకున్నచో మీలో నెవరైన ఈయగలరా?" యని వినోబా అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూఱు ఎకరములు ఇచ్చెదననిరి. భూదానోద్యమము అచటనే పుట్టినది. ఆ యుద్యమము దేశపు భూసమస్యను తీర్చలేదు; దానమైన భూములలో బీడులును, తగవుల భూములును పెక్కులుండినవి. అయినను ఆ సాయంకాలము ఆ చింతచెట్ల నీడలవంటి ఊరిలో, తుపాకులు మ్రోగుచుండిన జిల్లాలో, పేదలు అడుగుటయు, ఉన్నవాడు లేచి నిలుచుటయు జరిగినవి. దానికి చట్టము పనిపడలేదు, పోలీసు పనిపడలేదు.

ఇంతవఱకు విన్నవారు, "అట్లయిన హింస క్రిందివారినుండియే వచ్చునా?" యని అడుగవచ్చును. అట్లు తలచుట పెద్ద పొరపాటు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడున తగవు పుట్టినది త్రాగునీటి చెఱువువద్ద. దళితులు త్రాగు నీటిని మలినపఱుపవలదని అడిగినందుకు మాట పెరిగెను. 17వ తేదీన అగ్రకుల భూస్వాములు మూకగా వారి పేటపై బడగా ఆఱుగురు దళితులు హతులైరి. 1991లో గుంటూరు జిల్లా చుండూరున తగవు సినిమాశాలలో కాలు తగిలినదను మాటతో మొదలైనది. ఆగస్టు 6న ఎనమండుగురు దళితుల ప్రాణములు పోయినవి. ఈ రెండు చోట్లను కత్తి పట్టినవారు ఆకలిగొన్నవారు కారు; పొలములును, ధాన్యపు కొట్లును గలవారు. నిన్నటివఱకు తలవంచిన వాని కుమారుడు చదువుకొని, తలయెత్తి నడచుట వారు ఓర్వలేకపోయిరి. హెచ్చుతగ్గుల మెట్లపై క్రింద నున్నవాడు అవమానముతో మండును. పైనున్నవాడు తన మెట్టు జాఱిపోవునను భయముతో మండును. నిప్పు రెండు కొనలను అంటుకొనును.

ఆ కేసులలో న్యాయము నడచిన వేగమును కూడ చూడుడు. కారంచేడు విషయమున సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు వచ్చునప్పటికి 2008 సంవత్సరమైనది, ఇరువదిమూడేండ్లు. చుండూరు విషయమున 2007లో ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధించెను. 2014లో ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షలను కొట్టివేసెను. తీర్పుల మంచిచెడ్డలు పండితులు విచారింతురు గాక. కాని ఇన్నేండ్లు ఎదురుచూచువాని గుండెలో నేమి జరుగునో మనము ఊహింపగలము.

పేదఱికపు అవమానము అన్నివేళలను పైవానిమీదికి పోదు. చాలసార్లు అది బలహీనుల మీదికే దిగును. పగలు యజమానిచేత తిట్లు తిన్నవాడు సందెవేళ సారా త్రాగి వచ్చి భార్యను కొట్టును. ఈ హింస పట్టికలకెక్కదు. గోడలు మాత్రమే వినును. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడువారు రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు దీనిని గూర్చి తర్కించుకొనిరి. రోశమ్మగారును ఆమె తోడివారును ఊరిలో సారా దుకాణము వలదనిరి. 1992లో ఆ మాట రాష్ట్రమంతట ప్రాకెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లకే సడలిపోయినది, అది వేఱు కథ. కాని కడుపేదలైన స్త్రీలు చీపురుకట్టలు తప్ప ఆయుధములు లేక, ఇంటింటి హింసను ఎదిరించిరి. పేదఱికము మనుష్యుని దౌర్జన్యమునకే త్రోయునని చెప్పువారికి దూబగుంట మంచి యుత్తరము.

ఇక నేను చెప్పదలచిన విషయములలో మిక్కిలి కఠినమైనది వేఱొకటి కలదు. కొందఱిని మనమే దొంగలని పేరుపెట్టి దొంగలను చేయుదుము.

ఎఱుకలవారు పూర్వము ఎద్దులమీదను గాడిదలమీదను ఉప్పును, ధాన్యమును మోసికొని సముద్రతీరమునుండి లోపలి సీమలకు వర్తకము చేసినవారు. రైళ్లు వచ్చినవి, ఉప్పుపై ప్రభుత్వపు కట్టుబాటులు బిగిసినవి, వారి బ్రదుకుతెరువు చెడినది. చెడినపిమ్మట తిరుగువారందఱును అనుమానింపదగినవారైరి. 1871లో ఉత్తర హిందూస్థానమున పుట్టిన "నేరజాతుల చట్టము" 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది. ఆ చట్టమున ఒక జాతిలో పుట్టుటయే నేరము. వారి వ్రేలిముద్రలు తీసికొందురు, హాజరు పలుకుమందురు, అనుమతి లేక ఊరు దాటరాదందురు. 1913 ప్రాంతమున బాపట్ల వద్ద స్టూవర్టుపురమను నివేశమును ఏర్పఱచి, సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవసంఘమునకు అప్పగించిరి. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను ఆ చట్టము రద్దైనది. చట్టము పోయినను పేరు పోలేదు. స్టూవర్టుపురమని వినగానే ముఖము మార్చుకొనువారు నేటికిని కలరు. 1970 తరువాతి దశకమున హేమలతా లవణంగారు, మహాకవి జాషువాగారి కుమార్తె, భర్త లవణంగారితో కలసి ఆ యూరికి పోయి, నేరస్థులని పేరుపడినవారి యిండ్లలో కూర్చుండి, వారి బిడ్డలకు చదువు చెప్పించి, పెద్దలకు వేఱు జీవనమార్గము చూపుటకు పాటుపడిరి. శిక్ష చేయలేని పనిని విశ్వాసము కొంతవఱకు చేసినది.

ఇతరుల తప్పులు చెప్పుచున్న నేను నా తప్పు దాచుట న్యాయము కాదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక పల్లెబడిలో పనిచేయుచుంటిని. ఒకనాడు పిల్లలవద్ద వసూలు చేసిన పరీక్షరుసుము నా బల్లమీదనుండి కనబడలేదు. తరగతిలో నలుబదిమంది కలరు. నా చూపు వారిలో ఒక్కనిమీదికే పోయినది. వాడు ఊరి వెలుపల గుడారములలో నుండు ఎఱుకల పిల్లవాడు, లెక్కలలో చుఱుకైనవాడు. అందఱి యెదుట వాని సంచి గుమ్మరించితిని, జేబులు వెదకితిని. ఒక పలక, రెండు గోలీలు, తునిగిన జొన్నరొట్టె దొరకినవి. వాడు ఏడువలేదు, నా ముఖము వంక ఊరక చూచెను. మూడవనాడు ఆ సొమ్ము నా హాజరుపట్టీ అట్టలోపలనే కనబడినది, నేను దాచినచోటనే. వెంటనే గుడారములకు పోయితిని. పొయ్యిరాళ్లు మాత్రమే యుండినవి. వారు ముందునాడే వెడలిపోయిరి. ఆ పిల్లవాడు తరువాత ఏమైనాడో నేనెఱుగను. మంచివాడై బ్రదికియున్న, అది వాని గొప్ప. ఎచటనైన దొంగయైయున్న, మొదటి పాఠము చెప్పిన గురువును నేనే. ధర్మశాస్త్రములు చదివినవాడను గదా, విచారణ లేక శిక్షింపరాదని ఎఱుగనా? ఎఱుగుదును. కాని వాని గుడారము నా చదువుకంటె ముందు నా కంటికి అడ్డు వచ్చినది.

"అయ్యా, ఇట్లు చెప్పినచో హంతకునకును దొంగకును దండన వలదందురా?" యని మీరు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్న. దండన లేక రాజ్యము నిలువదు. కారణము తెలిసినంతమాత్రాన నేరము మాసిపోదు. ఒకే వాడలో, ఒకే లేమిలో పెరిగిన అన్నదమ్ములలో ఒకడు కత్తి పట్టును, ఒకడు నాగలి పట్టును. నాగలి పట్టినవాని గుణమును మనము తగ్గింపరాదు. హతుని భార్యకును బిడ్డలకును కలిగిన దుఃఖమునకు ఏ కారణమును సమాధానము కాదు. హతుడును పెక్కుసార్లు పేదవాడే. కాని దండించువాడు కారణమును చూచి దండింపవలెను. 1974లో మన సర్వోన్నత న్యాయస్థానము, ఆంధ్రప్రదేశమునకు చెందిన ఒక పల్లెటూరి యువతికి హత్యానేరమునకు పడిన ఉరిశిక్షను యావజ్జీవముగా మార్చినది. ఆమె వయస్సును, ఆమె జీవితపు దుఃస్థితిని పరిగణించినది. నేరమును క్షమింపలేదు, నేరస్థురాలిని మనుష్యస్త్రీగా చూచినది. శాతవాహనరాజునకు ఆచార్య నాగార్జునుడు వ్రాసిన రత్నావళియందును, చెఱలోనున్నవారికి అన్నపానములు, స్నానము, ఔషధము, వస్త్రములు లోపింపకుండ చూడుమను బోధ కలదు. ఈ దృష్టి మనకు పరాయిది కాదు.

నేటి చెఱసాలలలో నున్నవా రెవరు? 2022 సంవత్సరాంతమున దేశమందలి చెఱసాలలలో 5,73,220 మంది యుండిరి. అందు 4,34,302 మంది విచారణ ముగియనివారు; అనగా నూటికి డెబ్బదియైదుగురికి పైగా ఇంకను దోషులని తేలనివారు. డబ్బుగలవాడు జామీను మీద సాయంకాలమునకే యిల్లు చేరును. జామీనుదారు దొరకని కూలివాడు సంవత్సరములు లోపల నుండును. వాని భార్య అప్పులపాలగును, కుమారుడు బడి మానును. ఒక నేరమును విచారించులోపల మఱియొక నేరమునకు విత్తనము పడును.

పెద్దలారా, దేశపు హెచ్చుతగ్గులను మీరును నేనును ఒక్కదినమున సరిచేయలేము. కాని తీర్చువారు లేని తగవే హత్యలకు మొదటి కారణమని కంటిమి గదా. ఊరిలో తగవును మొదట వినువారు మీరే. కావున నాలుగు మాటలు విన్నవించుకొందును.

గట్టు తగవైనను, కూలి బాకీయైనను మీవద్దకు వచ్చిన దినముననే వినుడు. రెండు పక్షములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి వినుడు. పేదవాడు నిలుచుండి, ఉన్నవాడు కుర్చీలో కూర్చుండి చెప్పిన తగవు తీఱినను చల్లాఱదు. హత్య, మానభంగము, కులదూషణము వంటివి మాత్రము మీరు రాజీచేయదగినవి కావు. వానిని పోలీసులకును న్యాయస్థానమునకును పంపుడు. అట్టివానిని ఊరిలో మాపుట న్యాయపు తలుపును మూయుటయే. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము ఇందు కొఱకే యున్నది.

రెండవది. ఊరిలో సొమ్ము పోయిన, సాక్ష్యమును వెదకుడు, వాడను వెదకవలదు. నావలె ఒక పసివాని సంచి గుమ్మరింపవలదు.

మూడవది. చెఱలో నున్నవాని కుటుంబమును వెలివేయకుడు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి వకీలును ఉచితముగా నియమింతురు. 15100 అను సంఖ్యకు ఫోను చేసిన దారి చెప్పుదురు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త శిక్షాస్మృతి విధానమున, మొదటిసారి నేరారోపణ పొందినవాడు ఆ నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము విచారణలోనే గడపిన విడుదల కోరవచ్చును. మరణశిక్షయు యావజ్జీవమును పడదగిన నేరములకు ఇది వర్తింపదు. ఈ సంగతులు చదువురానివానికి చెప్పువారు మీరుగాక మఱెవరు?

నాల్గవది. బడి మానిన బిడ్డ యింటికి పోయి కారణమడుగుడు. ఆలస్యము చేసినయెడల మీకును పొయ్యిరాళ్లు మాత్రమే మిగులవచ్చును.

మొన్న నొక ఉదయమున గాంధీ వైద్యశాల వాకిట నొక ముసలివాడు నన్ను త్రాగునీరు ఎచట దొరకునని అడిగెను. చూపితిని. ఏ ఊరని అడుగగా ఆదిలాబాదు ప్రక్కనని చెప్పెను. నా కా క్షణమున మా తండ్రిగారి మాట జ్ఞప్తికి వచ్చినది. ఉరికంబము నిలిచిన చోట నేడు రోగులకు మంచములు వేసియున్నారు. నేలను మార్చుట ప్రభుత్వమునకు సాధ్యమైనది. చంపించునది ఊరిలోనే యున్నదని వారు చెప్పిరి; దానిని మార్చుట ఊరివారికే సాధ్యము.